ఇంట్లో 2000 వాట్ల ఎలక్ట్రిక్ సైకిల్ చేసుకోవచ్చా? ఏ మోటారు కొనాలి?

అమలాపురం దగ్గర నుంచి అడిగారు కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను. పాత గేర్ల సైకిల్ ఉంది, దానికి 2000 వాట్ల హబ్ మోటారు (చక్రం మధ్యలోనే ఉండేది) పెట్టి 60 స్పీడు తెప్పించాలి, ఏ మోటారు కొనాలి అన్నది మీ ప్రశ్న. మాది నరసాపురం దగ్గర మోటారు వైండింగ్ షాపు. రొయ్యల చెరువుల నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ మోటార్లే మాకు అన్నం పెట్టేది. మా బావమరిది చెరువుల గట్ల మీద మేత బస్తాలు తిప్పడానికి 1000 వాట్ల సైకిల్ ఒకటి నేనే తయారుచేశాను. అందుకని గట్టిగానే చెబుతున్నాను: మన డెల్టాలో 2000 వాట్లు ఎవరికీ అక్కర్లేదు. ఇక్కడ బండిని చంపేది ఎత్తు కాదు, నీళ్లు.

ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా నేల వాలు ఎంత మెల్లగా ఉంటుందో కాలువలు చూస్తేనే తెలుస్తుంది. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ఆ నీళ్లు పంపు లేకుండా ఊరూరా వాటంతటవే పారుతున్నాయి. మనకు ఎత్తు అంటే చించినాడ వంతెన, ఎదుర్లంక దగ్గర యానాం వంతెన. అంతే. ఈ రెండూ ఎక్కడానికి 2000 వాట్లు దేనికండీ?

స్పీడు సంగతికొస్తే, గాలిని చీల్చుకుని పోవడానికి కావలసిన పవర్ వేగంతో సమానంగా పెరగదు. వేగం రెట్టింపైతే పవర్ ఎనిమిది రెట్లు కావాలి. 51 వోల్టుల 20 ఏహెచ్ బ్యాటరీ మీద 25 స్పీడులో పోతే రాజోలు వెళ్లి తీరిగ్గా తిరిగి రావచ్చు. అదే బ్యాటరీని 60లో తోలితే అరగంటకు అటూ ఇటూగా ఖాళీ. వీడియోల్లో 70 చూపిస్తారు కదా అంటారేమో. చక్రం గాల్లో లేపి, యాక్సిలరేటర్ తిప్పి, మీటరు చూపిస్తారు. మనిషి ఎక్కాక, సముద్రపు ఎదురుగాలి కొట్టాక ఎంత వస్తుందో ఒక్కడూ చూపించడు. ఆ వీడియోలు చూసి డబ్బు పోగొట్టుకున్న కుర్రాళ్లు మా షాపుకు వస్తూనే ఉంటారు. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

చట్టం కూడా ఒక్క ముక్కలో చెప్పేస్తాను. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు 250 వాట్ల లోపు, వేగం 25 కి.మీ. లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలు మించకుండా ఉంటేనే అది మోటారు వాహనం కాదు. అది దాటితే రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, లైసెన్స్ అన్నీ కావాలి. ఇంట్లో చేసిన బండికి అవి తెచ్చుకోవడం మన వల్ల అయ్యే పని కాదు. రేపు ఎవరికైనా తగిలితే ఇన్సూరెన్స్ లేని మోటారు బండితో గుద్దినట్టే లెక్క. అందుకే నేను చేసిన 1000 వాట్ల బండి మా బావమరిది చెరువుల గట్టు దిగదు. మీరు రోడ్డు మీదకు తిప్పేదైతే 250 వాట్ల కిట్టే పెట్టుకోండి.

ఇప్పుడు నీళ్ల సంగతి. కార్తీక మాసం, వానలు పట్టుకుని వదలడం లేదు. గట్టు మీద ఎక్కడికక్కడ నీళ్లు నిలిచాయి, అదీ ఉప్పు నీరు. రాత్రి మేత బస్తా వేసుకుని వెళ్తుంటే బండి రెండు సార్లు జర్కు కొట్టి ఆగిపోయింది. దిగి తొయ్యబోతే వెనక చక్రం కదలదు. మొత్తం బిగుసుకుపోలేదు, బలంగా తోస్తే గుటుకు గుటుకుమంటూ కొద్దికొద్దిగా తిరుగుతోంది. చెరువు కాపలా ఉండే పెద్దాయన టార్చిలైటు పట్టుకుని వచ్చి, "బేరింగు పట్టేసిందండి బాబూ, వదిలేసి వెళ్లండి, పొద్దున్న చూద్దురుగాని" అన్నాడు.

"బేరింగు కాదు బాబాయ్, ఇటు లైటు కొట్టు" అని సీటు కింద డబ్బా తీసి, మోటారు నుంచి దాన్ని నడిపే కంట్రోలర్‌కు వచ్చే మూడు లావు వైర్లు, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊడదీశాను. చక్రం చేత్తో తిప్పితే గాలికి తిరిగినట్టు తిరిగింది. కంట్రోలర్ లోపల మాస్‌ఫెట్లు, అంటే కరెంటు స్విచ్చులు, షార్టయితే ఆ మూడు వైర్లూ లోపల ఒకదానికొకటి కలిసిపోయినట్టే. అప్పుడు మోటారు తిరుగుతూ తనకు తానే బ్రేకు వేసుకుంటుంది. ఈ పరీక్ష గుర్తుపెట్టుకోండి, దారిలో బండి ఆగితే ఇల్లు చేరుస్తుంది. వైర్లు విడివిడిగా టేపు చుట్టి, పెడల్ తొక్కుకుంటూ షెడ్డు చేరాను.

మర్నాడు షాపులో హబ్ విప్పాను. అలెన్ బోల్టులు తీసినా మూత రాదు, లోపల అయస్కాంతాలు అంత గట్టిగా పట్టి లాగుతాయి. పుల్లర్ వేసి మెల్లగా లాగాలి, వేళ్లు మధ్యలో పెడితే నలిగిపోతాయి. మూత లేవగానే ఇటుకరంగు నీళ్లు బల్ల మీదకు కారాయి. వైండింగ్ చుట్టిన స్టాంపింగుల, అంటే ఇనుప రేకుల, అంచులన్నీ తుప్పు. యాక్సిల్‌లోంచి కేబుల్ లోపలికి వచ్చే చోట సన్నటి హాల్ సెన్సార్ వైర్లకు (మోటారు ఎక్కడ తిరుగుతోందో కంట్రోలర్‌కు చెప్పేవి) చిలుము పట్టి ఆకుపచ్చగా అయిపోయాయి. లావు వైర్ల తొడుగు అదే చోట ఒరుసుకుపోయి రాగి కనిపిస్తోంది, దాని మీద ఉప్పు నీరు. కంట్రోలర్ కాలిపోవడానికి ఇంకేం కావాలి?

కిట్ డబ్బా మీద వాటర్‌ప్రూఫ్ అని పెద్ద అక్షరాలతో రాసి అమ్మారు. మూతలకు రబ్బరు సీలు ఉంది, నిజమే. కానీ కేబుల్ దూరే కన్నం సంగతి పట్టించుకోలేదు. బరువు లాగి వేడెక్కిన మోటారు చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి, బయటి నీళ్లను ఆ కన్నంలోంచి లోపలికి లాగుతుంది. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే "నీళ్లలో తిప్పితే వారంటీ రాదండి" అన్నారు. వాటర్‌ప్రూఫ్ అన్న మాటకు ఇంకేం అర్థం ఉంటుందో వాళ్లే చెప్పాలి!

అప్పుడు నేను చేసింది మీరు మోటారు కొత్తగా ఉండగానే చేయించండి. హాల్ సెన్సార్లు తీసేసి, మంచినీళ్లతో ఉప్పు కడిగి, బాగా ఆరబెట్టి, మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ చూసి, వైండింగ్‌కు వార్నిష్ పట్టించాను. కొత్త సెన్సార్లు, కొత్త కేబుల్ వేశాను. కన్నం దగ్గర సిలికాన్ నింపాను. అన్నిటికన్నా ముఖ్యం, కేబుల్ యాక్సిల్‌లోంచి బయటికి రాగానే కిందికి ఒక వంపు తిప్పి పైకి తీసుకెళ్లాను. వైరు మీద జారిన వాన నీరు ఆ వంపు దగ్గరే చుక్కలుగా రాలిపోతుంది, యాక్సిల్ దాకా రాదు. కొత్త మోటారుకు కడగడాలు, సెన్సార్లు మార్చడాలు అక్కర్లేదు. వార్నిష్, సిలికాన్, వంపు చాలు.

మోటారు ఎంచుకునేటప్పుడు వాట్లు కాదు, వైండింగ్ అడగండి. 26 అంగుళాల చక్రం ఒక్క చుట్టుకు దాదాపు 2.07 మీటర్లు పోతుంది. నిమిషానికి 250 చుట్లు తిరిగే వైండింగ్ అయితే గంటకు 31 కి.మీ., 350 అయితే 43. అవే ఆంపియర్లకు నెమ్మది వైండింగ్ ఎక్కువ టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది, బరువు లాగుతుంది, కంట్రోలర్ అంతగా వేడెక్కదు. అమ్మేవాడికి ఈ లెక్క తెలియకపోతే ఆ షాపులో కొనకండి.

బ్యాటరీ మాత్రం ఇంట్లో చెయ్యకండి. పాత లాప్‌టాప్ సెల్లులు ఏరి, స్పాట్ వెల్డింగ్ మెషిన్ తెప్పించి కట్టేవాళ్లను చూశాను. ఒక్కో సెల్ ఒక్కో వయసుది, ఏది ముందు చెడుతుందో తెలియదు. 2022లో కంపెనీ స్కూటర్లే తగలబడితే బ్యాటరీ నిబంధనలు బిగించారు. మన వంటింటి బల్ల మీద కట్టింది వాటికన్నా భద్రమా? సెల్లులను కాపాడే బీఎంఎస్ సర్క్యూట్‌తో సహా రెడీగా వచ్చే ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) ప్యాక్ కొనండి. బరువు ఎక్కువే, కానీ అంత తేలిగ్గా అంటుకోదు. 16 సెల్లులది 58.4 వోల్టుల దగ్గర నిండుతుంది, 13 సెల్లుల మామూలు లిథియం ప్యాక్ 54.6 దగ్గర. రెండిటినీ 48 వోల్టులనే అమ్ముతారు కాబట్టి ఒకదాని ఛార్జర్ ఇంకోదానికి పెట్టొద్దు. రాత్రి పడకగదిలో ఛార్జింగ్ పెట్టి పడుకోవద్దు. ఇంటి మెయిన్ దగ్గర ఉండే ఎంసీబీ తెచ్చి బ్యాటరీకి బిగించొద్దు, అది ఏసీకి చేసింది. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి నిప్పురవ్వ ఆరిపోతుంది, డీసీ అలా ఆరదు. డీసీ ఫ్యూజ్ అని అడిగి తీసుకోండి.

బ్రేకులకు బేరాలాడొద్దు. 25 నుంచి 60కి వెళ్తే ఆపాల్సిన శక్తి దాదాపు ఆరు రెట్లవుతుంది, సైకిల్ రబ్బరు బ్రేకులు దానికి చాలవు. రెండు చక్రాలకూ డిస్కులు, లివరు నొక్కగానే మోటారు ఆగే కటాఫ్ తప్పనిసరి. మోటారు వెనక చక్రానికే, అదీ ఇనుప ఫ్రేముకే. యాక్సిల్ ఫ్రేములో తిరిగిపోకుండా లేతు షాపులో 6 మి.మీ. ఇనుప ప్లేటుతో రెండు వైపులా టార్క్ ఆర్మ్‌లు కోయించండి, గాడి యాక్సిల్‌కు బిగువుగా పట్టాలి.

ముందు వెనక చక్రం ఊడదీసి, ఫ్రేములో అది కూర్చునే రెండు గాడుల మధ్య లోపలి కొలత తీసుకోండి. 135 మి.మీ. ఉంటే చాలా కిట్లు నేరుగా కూర్చుంటాయి. ఆ కొలత, ఫ్రేము ఇనుమో అల్యూమినియమో, మీ బరువు, రోజూ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తారో రాయండి. ఏ వైండింగ్ తీసుకోవాలో అప్పుడు చెబుతాను.