మర్రి చుట్టూ సిమెంటు గద్దె వద్దు

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. ఊరి బంచరాయి (పశువులు మేసే ఉమ్మడి భూమి) ఆక్రమణల పాలు కాకుండా కొందరం స్వచ్ఛందంగా బృందంగా ఏర్పడి చూసుకుంటున్నాం. ఆ భూమి అంచున, బాట పక్కనే పెద్ద మర్రి, కొన్ని పాత చింతచెట్లు ఉన్నాయి. మర్రి చుట్టూ సిమెంటు గద్దె కట్టిస్తానని ఒక దాత ముందుకొచ్చారు. బాట వెడల్పు చేస్తారని కూడా వింటున్నాం. మేమేం చేయాలి?
– ఒక పాఠకుడు

జవాబు: ముందుగా ఆ దాతగారికి నమస్కారం చెప్పి, సిమెంటును ఊరి బడి ప్రహరీకి మళ్లించమని కోరండి. పెద్ద చెట్టుకు నీటిని, పోషకాలను అందించే సన్నని వేళ్లలో ఎక్కువ భాగం నేల పైపొరలోనే, రెండు మూడు అడుగుల లోతులోపే ఉంటాయి. అవి కొమ్మల నీడ దాటి కూడా పాకుతాయి. ఆ నేలపై సిమెంటు పరిస్తే వాననీరు ఇంకదు, వేళ్లకు గాలి ఆడదు. చెట్టు వెంటనే ఎండిపోదు గనుక, కొన్నేళ్ల తర్వాత కొమ్మలు ఒక్కొక్కటే ఎండుతుంటే కారణం గద్దె అని ఎవరికీ తోచదు. పాత రచ్చకట్టలు చాలావరకు మట్టి, రాయితో కట్టినవే. వృక్షశాస్త్రం తెలిసి అలా కట్టారని కాదు, చేతికి అందినవి అవే. కూర్చోవడానికి చోటు కావాలంటే మొదలుకు దూరంగా నాలుగు బండలు వేయించండి. మొదలు చుట్టూ మట్టి ఎత్తుగా పోయడం కూడా మంచిది కాదు.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి సంగతి మీకు తెలిసే ఉంటుంది. సుమారు 700 ఏళ్ల నాటిదిగా చెప్పే ఆ మర్రిలో 2017 చివర ఒక పెద్ద కొమ్మ విరిగిపడటంతో సందర్శకులను ఆపేశారు. చెదలు లోపలికి దూరిన కొమ్మలకు 2018లో సెలైన్ సీసాల పద్ధతిలో మందు ఎక్కించారు, బరువైన కొమ్మల కింద ఆనికలు కట్టారు, ఊడలు నేలకు చేరేలా గొట్టాలు అమర్చారు. ఈ చివరి పని మీరూ చేయవచ్చు: వేలాడే లేత ఊడను మట్టి నింపిన వెదురు బొంగులోకి దింపి, తడి ఆరకుండా చూస్తే, అది నేలలో పాతుకుని కాలక్రమంలో కొమ్మను మోసే స్తంభమవుతుంది. అంతకన్నా ముందు, ఫ్లెక్సీలు కట్టిన తీగలు విప్పండి. బెరడు పెరిగి తీగను మింగేసిన చోట బలంగా లాగకండి. బయటికి కనిపించినంత మేర కత్తిరించి వదిలేయండి. తొర్రలను సిమెంటుతో పూడ్చకండి. చెట్టు మొదలు దగ్గర చెత్త తగలబెట్టనివ్వకండి.

చింతలకు వచ్చే ముప్పు వేరు. పండ్లు వేలం పాడుకున్నవారు చేతికందని కొమ్మలను నరికి దించుతుంటారు. మీ ఊళ్లో చింతపండు వేలం ఉంటే, కొమ్మలు నరకరాదన్న షరతు వేలం కాగితంలోనే రాయించండి.

ఇక బాట విస్తరణ. యంత్రం వచ్చిన రోజున చెట్టుకు అడ్డం నిలబడటం కన్నా, అది రాకముందే కాగితం సిద్ధం చేసుకోవడం మేలు. ప్రతి చెట్టుకు ఫొటో తీసి, నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున చుట్టుకొలత, సర్వే నంబరు రాసిపెట్టండి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. దాని రిజిస్టరులో మీ చెట్లను ఎక్కించమని సర్పంచ్‌గారికి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. చెట్టు కొట్టడానికి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) కింద ముందస్తు అనుమతి కావాలి కాబట్టి, అనుమతి అడిగారో లేదో సమాచార హక్కు దరఖాస్తుతో తెలుసుకోవచ్చు. ఇలాంటి విస్తరణలోనే, హైదరాబాద్ దగ్గరి చేవెళ్ల దారిలోని మర్రిచెట్ల విషయం పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. చెట్లను వేరేచోటికి తరలిస్తామంటే వెంటనే ఒప్పుకోకండి. కొమ్మలూ వేళ్లూ చాలావరకు నరికి తరలించిన ముసలి చెట్టు బతుకుతుందన్న భరోసా లేదు. బాటను రెండో వైపుకు జరపడం కుదురుతుందా అని, కొలతలు వేసే దశలోనే ఇంజినీరుగారిని అడగండి.