పాలపుంతా? పాలవెల్లా?

సందేహం: మాస్టారూ, మాది మందస దగ్గర. రాత్రిపూట కొండల ఫొటోలు తీయడం నా పిచ్చి. కార్తీక శుద్ధ తదియ నాడు ఏడు గంటలకి ట్రైపాడ్ వేసి, 20 ఎంఎం లెన్సుతో 20 సెకన్లు ఎక్స్‌పోజర్ ఇచ్చి మహేంద్రగిరిని తీశాను. కొండ మీద నెలవంక వెలుగు పడింది, పైన పాలపుంత కూడా లేతగా వచ్చింది. కింద "పండువెన్నెల్లో మహేంద్రగిరిపై పాలవెల్లి" అని రాసి, "నిశీధి ఛాయాగ్రాహకుడు" అని సంతకం పెట్టాను. పాలవెల్లి అంటే వినాయకచవితికి కట్టేది కదరా అని మా అన్నయ్య నవ్వాడు. పోనీ పాలపుంత అందామంటే మరీ మోటుగా ఉందేమో అని అనుమానం. ఏది రైటు? స్టార్ ట్రైల్స్‌ని, అదే ఎక్కువసేపు ఎక్స్‌పోజర్ ఇస్తే ఫొటోలో చుక్కలు గీతల్లా పడతాయే, వాటిని తెలుగులో ఏమనాలో కూడా చెప్పండి.

సమాధానం: మోటు అన్నారు చూశారూ, అక్కడ కాలింది బాబూ నాకు. పుంత అంటే ఏంటో తెలీకపోవడం వల్ల వచ్చిన తంటా ఇదంతా. పొలాల మధ్య నుంచి బండ్లూ పశువులూ నడిచే మట్టిబాట పుంత. గోదావరి వైపు ఇప్పటికీ జనం నోట్లో ఉంది, గుంటూరు వైపు డొంక అంటారు, రెవెన్యూ కాయితాల్లో పుంత పోరంబోకు అని రాస్తారు. అంటే సర్కారు గుమస్తాకి మోటు అనిపించని మాట, కెమెరా భుజాన వేసుకున్న మీకు మోటైపోయింది!

తారురోడ్డుకి ఉన్నట్టు పుంతకి గీత గీసిన అంచులు ఉండవు. ఒకచోట వెడల్పు, ఇంకోచోట సన్నం, రెండు పక్కలా నల్లటి తుప్పలు, నడుమ తెల్లటి మట్టి, బండిచక్రాలు తిరిగి తిరిగి రెండు జాడలు పడి వాటి మధ్య గడ్డి మొలిచిన గట్టు ఒకటి మిగులుతుంది. ఇప్పుడు మీ ఫొటో పెద్దది చేసి చూడండి. మందసకి మహేంద్రగిరి వాయవ్యంగా ఉంటుంది, కార్తీకంలో రాత్రి తొలిజామున ఆ దిక్కునే హంస మండలం (సిగ్నస్ అనే చుక్కల గుంపు) వాలుతూ ఉంటుంది, పాలపుంత అక్కడే రెండు పాయలుగా చీలినట్టుగా ఉండి మధ్యలో నల్లటి చార కనిపిస్తుంది. ఆ చారలో చుక్కలు లేక కాదు, ధూళిమేఘాలు అడ్డం పడి వెనకాల వెలుగుని రానివ్వవు. పుంతలో లేచేదీ దుమ్మే, అక్కడ అడ్డొచ్చేదీ దుమ్మే! (ఇదేదో వ్యుత్పత్తి అని చెప్పి నా మీదకి రాకండి, నా ముచ్చట అంతే.) ఇంత సరిగ్గా అతికిన పేరుని మోటు అనడానికి నోరెలా వచ్చిందో. గిడుగు రామమూర్తి గారు (1863–1940) పుట్టింది మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో, పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువూ వ్యాకరణమూ రాశారు, జనం నోటి మాటకి పరువు తేవడానికే ఆయన జీవితం అంతా అరగదీశారు, అదే గడ్డ మీద ఉండి మీరిలా అంటే ఎలా చెప్పండి.

పాలదాకా వస్తే, అది మన ఒక్కళ్ల సొత్తేం కాదు. గెలాక్సీ అన్న మాటలో ఉన్నదీ గ్రీకువాళ్ల పాలే.

ఇక పాలవెల్లి. వెల్లి అంటే ప్రవాహం, వెల్లువ. వెల్లివిరియడంలో ఉన్నది ఈ వెల్లే. కవులు పాలవెల్లి అంటే ఎక్కువగా పాలసముద్రమే. ఇక్కడ నాకు పోతన గుర్తు రాకుండా ఉండడు, ఎవరు ఏ ప్రశ్న అడిగినా వస్తాడనుకోండి. సరస్వతి తెల్లదనాన్ని పోలుస్తూ తెల్లవన్నీ వరస పెట్టాడు కదా:

శారద నీరదేందు ఘనసార పటీర మరాళ మల్లికా
హార తుషార ఫేన రజతాచల కాశ ఫణీశ కుంద మం
దార సుధాపయోధి సిత తామరసామరవాహినీ శుభా
కారత నొప్పు నిన్ను మది గానగ నెన్నడు గల్గు భారతీ!

స్కూల్లో గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పేసి మార్కులు వేయించుకుని వదిలేశాం, ఒక్కో మాట దగ్గరా ఎవడు ఆగాడు? సుధాపయోధి పాలకడలి, మీ పాలవెల్లి అదే. అమరవాహిని దేవతల ఏరు, ఆకాశగంగ. రెండూ ఒకటే అనుకుని ఉంటే పోతన రెండుసార్లు చెప్పేవాడా, వేరువేరుగా లెక్కపెట్టాడు. పైగా చంద్రుడూ ఉన్నాడు, వెండికొండా ఉంది, మరాళం అంటే హంస, అదీ ఉంది! మీరు 20 సెకన్లలో పట్టిన సరంజామా దాదాపు అంతా ఆయన నాలుగు పాదాల్లో ఎప్పుడో పట్టేశాడు. నాకు ఈ పద్యం మీద మోజు ఎక్కువ, అది పక్కన పెట్టినా లెక్క మాత్రం లెక్కే.

అలాగని ఆకాశానికి పాలవెల్లి అంటే తప్పు అని కొట్టేయలేను. ఆకాశంలో పాలు వెల్లువెత్తినట్టు ఉందని ఒక కవి అంటే మనం కాదంటామా? మీ అన్నయ్యా తప్పు కాదు, చవితికి మామిడాకులూ వెలక్కాయలూ మొక్కజొన్న పొత్తులూ కట్టే ఆ చట్రం కూడా ఆకాశానికి గుర్తే అని పెద్దలంటారు. పద్యం రాస్తే పాలవెల్లి పెట్టుకోండి, ఫొటో కింద అయితే నా ఓటు పాలపుంతకే. ఆకాశగంగ కూడా నడుస్తుంది.

కానీ పండువెన్నెల మాత్రం ఒప్పుకోను. తదియ నాడు పండువెన్నెల ఎక్కడిది, అది పండటానికి ఇంకా పన్నెండు రోజులుంది! నిజంగా పున్నమి అయ్యుంటే ఆ వెలుగుకి మీ పాలపుంత జాడే ఉండేది కాదు, ఆ సంగతి నాకంటే మీకే బాగా తెలియాలి. సన్నవెన్నెల అనండి, చక్కగా ఉంటుంది. వెన్నెలలోనే నెల ఉంది, నెల అంటే చంద్రుడు, అందుకని ఈమధ్య కొందరు రాస్తున్న "నక్షత్రాల వెన్నెల" కూడా నాకు ఎక్కదు, చుక్కలది చుక్కల వెలుగు అంటే ఏం పోయింది?

స్టార్ ట్రైల్స్: చుక్కల జాడలు. అంతకంటే బరువైన మాట వద్దు.

నిశీధి కాదు, నిశీథం, అక్కడ ఉండాల్సింది ధ కాదు, థ. దాని అర్థం అర్ధరాత్రి, మీరు క్లిక్కుమనిపించింది ఏడు గంటలకి, అప్పటికి మందసలో ఇంకా అన్నాలు కూడా తిని ఉండరు. ఛాయాగ్రాహకుడు తప్పు కాదు గానీ ఫొటోగ్రాఫర్ అన్నంత మాత్రాన తెలుగుకి వచ్చిన లోటూ లేదు. అసలు అంత బిరుదు ఎందుకు, కింద మీ పేరు రాసుకోండి చాలు.