పాత అంబాసిడర్‌కు బ్యాటరీ కేబుల్ ఎంత లావు ఉండాలి?

మీది 1978 పెట్రోల్ అంబాసిడర్, సెల్ఫ్ నీరసంగా తిరుగుతోంది, లావు కేబుల్ వేయిస్తే సరిపోతుందా అని కదా అడిగారు. 35 స్క్వేర్ (లోపలి తీగ అడ్డుకోత 35 చదరపు మిల్లీమీటర్లు) రాగి కేబుల్ చాలు. డీజిల్ ఇంజిన్ అయితే 50 వేయించండి. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కార్లవాళ్లు ఇంకా లావు చెప్తే కంగారుపడకండి, వాటిలో చాలావాటికి 6 వోల్టుల బ్యాటరీ. వోల్టులు సగమైతే కరెంటు రెట్టింపు కావాలి.

కానీ నన్నడిగితే మీ బండి రోగం కేబుల్‌లో లేదు, ఎర్త్‌లో, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారిలో ఉంది. బండి చూడకుండానే చెప్తున్నా. కోనసీమ ఉప్పుగాలికి ముందు పోయేది అదే.

మా నాన్నగారి అంబాసిడర్‌లో నర్సాపురం పెళ్లికి బయల్దేరి, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించాం. అవతలి ఒడ్డున దిగబోతే బండి కదలదు. వెనక బైకులవాళ్ల హారన్లు, పంటు మీద వాళ్ల కేకలు. మా బావ చోక్ లాగి పట్టుకుని సెల్ఫ్ మీద సెల్ఫ్ కొడుతున్నాడు. ఉన్నట్టుండి "అబ్బా!" అని చెయ్యి లాక్కున్నాడు. చోక్ వైరు కాలిపోతోంది, డాష్‌బోర్డు కింద నుంచి పొగ! వెనక సీట్లో అత్తయ్య పట్టుచీర ఎత్తిపట్టుకుని ఒక్క దూకు దూకింది. నలుగురూ చెయ్యేసి బండిని ఒడ్డుకు నెట్టారు.

అక్కడ ఒక ముసలి మెకానిక్ బానెట్ ఎత్తి, వేలితో ఇంజిన్ ఎర్త్ పట్టీని తాకాడు. అది పచ్చటి పొడై రాలింది. ఇంజిన్ కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద కదా, బాడీకీ దానికీ మధ్య కరెంటుకు దారి ఆ పట్టీయే. అది పోతే సెల్ఫ్ లాగే వందకు పైగా ఆంపియర్లు చోక్ వైరు, యాక్సిలరేటర్ వైరు పట్టుకుని తిరిగొస్తాయి. ఆయన బ్యాటరీ మైనస్ నుంచి ఇంజిన్‌కు ఒక జంపర్ వైరు పెట్టాడు, అంతే, ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్!

తమాషా ఏమిటంటే, అంతకు ముందే ఒక షాపులో మెయిన్ కేబుల్ కొత్తది వేయించాం, కప్పను మింగిన పాములా లావుగా ఉండేది. తర్వాత కోసి చూస్తే లావంతా ప్లాస్టిక్ తొడుగే, లోపల రాగి పూత పూసిన అల్యూమినియం. ఇది మోసం కాదట, "అందరూ అదే తీసుకెళ్తున్నారండీ" అన్నాడు షాపాయన. బ్యాటరీ కేబుల్‌కు బదులు వెల్డింగ్ కేబుల్ కొనేవాళ్లూ చూసుకోండి, వాటిలోనూ అల్యూమినియంవి ఉన్నాయి. తీగను బ్లేడుతో గీకితే తెల్లగా కనిపించిందా, అక్కడే వదిలేసి రండి. లగ్గును (కేబుల్ చివర బోల్టుకు బిగించే లోహపు ముక్కను) సుత్తితో చితక్కొట్టి ఇస్తానంటే అసలు ఒప్పుకోకండి, క్రింపింగ్ చేయించండి, అంటే దానికుండే పనిముట్టుతో నొక్కించండి.

మల్టీమీటర్ ఉంటే, ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఇగ్నిషన్ కాయిల్ వైరు పీకేసి, ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. బ్యాటరీ ప్లస్ పోస్టుకూ స్టార్టర్ (సెల్ఫ్ మోటారు) బోల్టుకూ మధ్య ఎన్ని వోల్టులు చూపిస్తోంది? మైనస్ పోస్టుకూ ఇంజిన్ బ్లాక్‌కూ మధ్య ఎంత? రెండూ పావు వోల్టుకు మించకపోతే కేబుళ్లు బాగున్నట్టే, బ్యాటరీనో స్టార్టర్‌నో చూసుకోవాలి. రెండోదే ఎక్కువైతే ఎర్త్ పట్టీ మార్చి, బోల్టు కూర్చునే చోట రంగు, తుప్పు గీకి, బిగించాక వాసెలిన్ రాయండి. ముందు ఆ రెండు అంకెలూ ఇక్కడ రాయండి, కేబుల్ తర్వాత కొందురుగాని.