మీరడిగారు: నేలకు చేరని గామా కిరణం నేల మీద ఎలా దొరుకుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. గామా కిరణాలు గాలి పొరల్లోనే ఆగిపోతాయని వాళ్ల లెక్చరర్ చెప్పారట. లద్దాఖ్‌లో గామా కిరణాల కోసం పెద్ద టెలిస్కోప్ పెట్టారని పేపర్లో చదివింది. పైనే ఆగిపోయేవాటిని కింద నుంచి ఎట్లా చూస్తారని అడిగితే నేను చెప్పలేకపోయాను.
– ఒక తల్లి, పరకాల

జవాబు: అమ్మా, లెక్చరర్ చెప్పిందీ నిజమే, పేపర్లో వచ్చిందీ నిజమే. హన్మకొండలో ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను గానీ, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి అడిగిన పిల్లలు నాకు చాలా తక్కువమంది దొరికారు. ఆమెకు నా అభినందనలు చెప్పండి.

గట్టి శక్తి ఉన్న గామా కిరణం పైగాలిలో ఒక పరమాణు కేంద్రకం దగ్గరికి రాగానే మాయమై, ఒక ఎలక్ట్రాన్, ఒక పాజిట్రాన్ (ధనావేశమున్న ఎలక్ట్రాన్ అనుకోండి) పుడతాయి. అవి మళ్లీ గామా కిరణాలను విడుస్తాయి, ఆ కిరణాలు మళ్లీ జంటలవుతాయి. ఒకటి రెండై, రెండు నాలుగై, నేలకు ఇంకా పది కిలోమీటర్ల ఎత్తులో ఉండగానే వందలు, వేలు అవుతాయి. దీన్నే జల్లు అంటాం. ఆ తర్వాత శక్తి అయిపోయి జల్లు గాలిలోనే ఆరిపోతుంది.

ఆరిపోయేలోపు అది ఒక పని చేస్తుంది. లక్నవరంలో మోటారు పడవ ఎక్కి వెనక్కి చూస్తే నీళ్ల మీద రెండు పాయలుగా విచ్చుకునే అల కనిపిస్తుంది కదా. పడవ అలల కంటే వేగంగా పోతుంది కాబట్టి అలా జరుగుతుంది. శూన్యంలో కాంతిని మించి ఏదీ పోలేదు. గాలిలో మాత్రం కాంతి రవ్వంత నెమ్మదిస్తుంది. జల్లులోని కణాలు ఆ నెమ్మదించిన కాంతిని దాటి దూసుకెళ్తాయి. అప్పుడు పడవ వెనక అల లేచినట్టే నీలి వెలుగు పుడుతుంది. దాని పేరు చెరెంకోవ్ కాంతి. సెకనును వంద కోట్ల ముక్కలు చేస్తే అందులో ఏ ఐదారు ముక్కల సేపో ఉంటుంది. కంటికి అందదు. వేగంగా పనిచేసే కెమెరాకు అందుతుంది.

మరి ఉపగ్రహంలో పెడితే కిరణాన్నే నేరుగా పట్టుకోవచ్చు కదా అని మీ అమ్మాయి తప్పకుండా అడుగుతుంది. పట్టుకోవచ్చు, పడుతున్నారు కూడా. కానీ శక్తి పెరిగేకొద్దీ కిరణాలు బాగా అరుదైపోతాయి. 1054లో పేలిన నక్షత్రం మిగిల్చిన క్రాబ్ నెబ్యులా ఆకాశంలో బాగా ప్రకాశించే గామా మూలాల్లో ఒకటి. అక్కడి నుంచి ఒక టెరా ఎలక్ట్రాన్ వోల్ట్‌కు (లక్ష కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తికి) పైబడిన కిరణాలు చదరపు మీటరుకు ఏడాదికి ఆరో ఏడో వస్తాయి. అంతే. అదే నేల మీదైతే ఒక్క జల్లు వెలుగే సుమారు 250 మీటర్ల మేర పరుచుకుంటుంది. ఆ మేరలో టెలిస్కోప్ ఎక్కడున్నా దానికి వెలుగు తగులుతుంది. గాలి అడ్డం అని మనం పాఠంలో చదువుకుంటాం. ఇక్కడ ఆ గాలే పరికరంలో సగం. నాకు ఈ విద్యలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

పేపర్లో మీరు చూసింది మేస్ టెలిస్కోప్ అయ్యుంటుంది. లద్దాఖ్‌లోని హాన్లేలో, దాదాపు 4,300 మీటర్ల ఎత్తున ఉంది. 2024 అక్టోబర్ 4న ప్రారంభించారు. అద్దం వెడల్పు 21 మీటర్లు, అంటే ఏడంతస్తుల మేడంత. కెమెరాలో 1,088 ఫోటోమల్టిప్లయర్ గొట్టాలు, అంటే రవ్వంత వెలుగును కూడా పట్టుకునేవి, ఉంటాయి. బాబా అణు పరిశోధన కేంద్రం వాళ్లు మన హైదరాబాద్ ఈసీఐఎల్ సాయంతో కట్టారు. హాన్లేలో గాలి పొడిగా ఉంటుంది, రాత్రి కటిక చీకటి. ఈ పనికి కావలసింది అదే.

చిక్కు ఒకటుంది. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు, అంటే ఎక్కువగా ప్రోటాన్లు, అవి కూడా ఇలాంటి జల్లులే కురిపిస్తాయి. వేల జల్లుల్లో గామా కిరణం తెచ్చింది ఏ ఒకటో ఉంటుంది. కెమెరాలో బొమ్మను బట్టి విడదీస్తారు. గామా జల్లు బొమ్మ సన్నగా, కోలగా వస్తుంది. ప్రోటాన్ జల్లు బొమ్మ చెదిరిపోయి, వెడల్పుగా ఉంటుంది. ఇంత కష్టం ఎందుకంటే, ప్రోటాన్‌కు విద్యుదావేశం ఉంది, దారిలోని అయస్కాంత క్షేత్రాలు దాన్ని వంచేస్తాయి. ఎక్కడి నుంచి బయలుదేరిందో చెప్పలేం. గామా కిరణం తిన్నగా వస్తుంది, పుట్టిన చోటును చూపిస్తుంది.

ప్రోటాన్ల జల్లుల కోసం పెట్టిన ఏర్పాట్లు వేరే ఉన్నాయి. ఊటీలో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల గ్రేప్స్-3లో సుమారు 400 డిటెక్టర్లు 8 మీటర్లకొకటి చొప్పున పరిచి ఉంటాయి. వాన ఎటు నుంచి వస్తోందో రేకుల ఇళ్ల వాళ్లకు చూడకుండానే తెలుస్తుంది. ముందు ఎవరి రేకుల మీద చప్పుడైతే అటు నుంచే వాన. అక్కడా అదే లెక్క: ఏ డిటెక్టర్‌కు ముందు తగిలింది, ఏది ఎన్ని నానోసెకన్లు వెనకబడింది అని చూసి జల్లు దిక్కు తేలుస్తారు. 2014 డిసెంబర్ 1న ఊటీ మీదికి వచ్చిన ఉరుముల మబ్బులో 130 కోట్ల వోల్టులు ఉన్నట్టు మ్యుయాన్లు (జల్లుల్లో పుట్టే, ఎలక్ట్రాన్ లాంటివే గానీ బరువైన కణాలు) తగ్గిన తీరును బట్టి కనిపెట్టింది ఈ గ్రేప్స్-3తోనే.

ప్రశ్న: కాస్మిక్ కిరణాలు మన ఒంట్లోంచి పోతుంటాయట. స్లాబు కింద ఉంటే తప్పుతుందా? టెన్షన్ పడాలా?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: తప్పదు, భయం కూడా అక్కర్లేదు. జల్లుల్లో పుట్టే మ్యుయాన్లు మీ అరచేతిలోంచి నిమిషానికి వంద దాకా పోతుంటాయి. మనిషి పుట్టినప్పటి నుంచీ ఇంతే. స్లాబు వీటికి లెక్కలోది కాదు. వీటి తాకిడి తగ్గించుకోవడానికే మన శాస్త్రవేత్తలు కోలార్ బంగారు గనుల్లో రెండు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి పనిచేశారు. అంత లోతులోనూ అడపాదడపా ఒకటి తగిలేది. కాస్మిక్ కిరణాలు గాలిలో పుట్టించే న్యూట్రినోలు (దేనికీ దాదాపు తగలకుండా పోయే అతి తేలికైన కణాలు) 1965లో దొరికిందీ ఆ గనిలోనే.

ప్రశ్న: మాది హైస్కూలు. ఈ కాస్మిక్ కిరణాల కణాలను పిల్లలకు కళ్లారా చూపించే మార్గం ఉందా?
– ఒక టీచర్, ములుగు

జవాబు: ఉందండీ. క్లౌడ్ చాంబర్ చేయండి. కణం పోయిన దారి ఆవిరిలో తెల్ల గీతగా కనిపించే పెట్టె అది. చేపల తొట్టిలాంటి చిన్న గాజు తొట్టి అడుగున లోపల కంబళి ముక్క అంటించి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడపాలి. దాన్ని నల్లరంగు వేసిన అల్యూమినియం రేకు మీద బోర్లించి, రేకు కింద డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) పరచాలి.

మేం మొదటిసారి మెడికల్ షాపులో దొరికే స్పిరిట్ వాడాం. అందులో నీళ్లుంటాయి. గంటసేపు కూర్చుంటే మసక పొగ తప్ప ఏమీ కనిపించలేదు. తర్వాత ఒక విద్యార్థి సెల్‌ఫోన్ రిపేరు షాపు నుంచి ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) సీసా తెచ్చాడు. బోర్డులు తుడవడానికి వాళ్లు వాడేది అదే, నీళ్లు దాదాపు ఉండవు. డ్రై ఐస్ హైదరాబాద్ నుంచి థర్మోకోల్ డబ్బాలో బస్సులో వచ్చింది. హన్మకొండ చేరేసరికి సగమే మిగిలింది. మీకు కావలసినదానికి రెట్టింపు తెప్పించుకోండి.

లైట్లు ఆర్పి, పక్క నుంచి టార్చి వేసి, పది నిమిషాలు కదలకుండా కూర్చున్నాం. రేకుకు వేలెడు ఎత్తులో, పత్తికాయలోంచి లాగిన పోగులా ఒక తెల్లటి గీత మెరిసి, విడిపోయి, కిందికి జారింది. ఇంకోటి. సన్నగా, పొడుగ్గా, తిన్నగా ఉన్నవాటిలో చాలావరకు మ్యుయాన్లు. పొట్టిగా, లావుగా వచ్చేవి గాలిలోని రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు విడిచే ఆల్ఫా కణాలు. ముందు వరుసలోని ఒక అమ్మాయి వేళ్ల మీద లెక్కపెడుతూ పెడుతూ ఊపిరి బిగపట్టి మర్చిపోయింది.

డ్రై ఐస్‌ను మందపాటి గ్లవ్స్ లేకుండా ముట్టనివ్వకండి, కిటికీలు తీసి ఉంచండి, దగ్గర్లో మంట పెట్టకండి. నిమిషానికి ఎన్ని గీతలు వచ్చాయో పిల్లల చేత రాయించి నాకు పంపండి.