ఆర్గానిక్‌లో సి మైనస్: వెటర్నరీకి అప్లై చేసేముందు మళ్లీ చదవాలా?

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. మా అమ్మాయి బయాలజీ డిగ్రీ మూడో ఏడాది ముగించబోతోంది. వెటర్నరీ డాక్టర్ కావాలని పట్టుదల. ఆర్గానిక్ కెమిస్ట్రీ రెండో సెమిస్టర్‌లో సి మైనస్, ఫిజిక్స్ మొదటి సెమిస్టర్‌లో సి, జనరల్ కెమిస్ట్రీలో బి మైనస్ వచ్చాయి. సైన్స్ జీపీఏ, అంటే సైన్స్ గ్రేడ్ల సగటు, 4కి 3.1. అప్లై చేసేముందు ఈ మూడూ మళ్లీ చదివించమంటారా?

జవాబు: మూడూ అక్కర్లేదండీ. ఫిజిక్స్, జనరల్ కెమిస్ట్రీ వదిలేయండి. ఆర్గానిక్ సంగతి మాత్రం తను అప్లై చేయబోయే కాలేజీల జాబితా చూశాకే తేల్చాలి.

ముందు ఒక అపోహ తొలగించుకుందాం. మన ఇంటర్‌లో బెటర్‌మెంట్ రాస్తే రెండింట్లో ఎక్కువ వచ్చిన మార్కే నిలుస్తుంది. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడా అంతే అనుకుంటారు. అమెరికాలో ఎక్కువ వెటర్నరీ కాలేజీలకు వీఎంక్యాస్ అనే ఉమ్మడి దరఖాస్తు ఉంది. టెక్సాస్‌లోని రెండింటికీ, అంటే కాలేజ్ స్టేషన్‌లోని టెక్సాస్ ఏ అండ్ ఎమ్‌కూ, అమరిల్లోలోని టెక్సాస్ టెక్‌కూ, టీఎండీఎస్‌ఏఎస్ అనే టెక్సాస్ ఉమ్మడి దరఖాస్తు ద్వారా వెళ్లాలి. ఈ రెండు దరఖాస్తుల్లోనూ ఒక కోర్సును ఎన్నిసార్లు చదివితే అన్ని గ్రేడ్లూ జీపీఏలోకి వస్తాయి. యూనివర్సిటీ పాత గ్రేడు తీసేసి కొత్తది పెట్టినా, అది ఆ యూనివర్సిటీ ట్రాన్స్‌క్రిప్ట్ (గ్రేడ్ల పత్రం) వరకే. కాలేజీ పోర్టల్‌లో కనిపించే జీపీఏ చూసి ధీమాగా ఉండి, దరఖాస్తు లెక్క వచ్చాక కంగుతినేది ఇక్కడే.

అంకెలు వేసి చూడండి. ఒక్కో క్రెడిట్‌కు ఎ అయితే 4 పాయింట్లు, బి అయితే 3, సి మైనస్ అయితే 1.7. ఇప్పటికి తనకు 50 సైన్స్ క్రెడిట్లు అయ్యాయనుకుందాం. 3.1 చొప్పున 155 పాయింట్లు. మూడు క్రెడిట్ల ఆర్గానిక్ మళ్లీ చదివి ఎ తెచ్చుకుంటే 12 పాయింట్లు కలిసి 167 అవుతాయి. 53తో భాగిస్తే 3.15. పాత సి మైనస్‌ను తీసేసి సొంతంగా లెక్కించుకునే కాలేజీలోనైతే అదే ఎ వల్ల 3.24 వచ్చేది. మళ్లీ చదివినప్పుడు బి వస్తే? 164ను 53తో భాగిస్తే 3.09. అంటే ఒక సెమిస్టర్ కష్టమూ ఫీజూ పోసి జీపీఏను కాస్త తగ్గించుకున్నట్టే.

పాత గ్రేడు పోనప్పుడు, మళ్లీ చదివిన కోర్సులో ఎ వచ్చినా, కొత్త కోర్సులో ఎ వచ్చినా జీపీఏకు కలిసేది ఒకటే. అలాంటప్పుడు ఆ క్రెడిట్లను బయోకెమిస్ట్రీ, జెనెటిక్స్, మైక్రోబయాలజీ, జంతు ఫిజియాలజీ లాంటి పైస్థాయి కోర్సుల మీద పెట్టడమే నయం. అలా పది క్రెడిట్లలో ఎ తెచ్చుకుంటే జీపీఏ 3.25 అవుతుంది. పైగా వాటిలో చాలావరకు ఎలాగూ తప్పనిసరి కోర్సులే. కష్టమైన సబ్జెక్టుల్లో ఇప్పుడు నెగ్గుకొస్తోందని ఎంపిక కమిటీకి అవే చెబుతాయి. వీఎంక్యాస్ చివరి 45 క్రెడిట్ల జీపీఏను విడిగా చూపిస్తుంది. దానికి బరువిచ్చే కాలేజీలూ ఉన్నాయి కాబట్టి నాలుగో ఏడాది చాలా విలువైనది.

మరి ఆర్గానిక్ ఎప్పుడు మళ్లీ చదవాలి? కాలేజీ తలుపే మూసుకుపోయినప్పుడు. తప్పనిసరి కోర్సులో సి కంటే తక్కువ వస్తే ఒప్పుకోని కాలేజీలు చాలా ఉన్నాయి. సి మైనస్ చాలనేవీ ఉన్నాయి. ఆర్గానిక్ ఒక్క సెమిస్టరే అడిగేవీ ఉన్నాయి, వాటిలో తన రెండో సెమిస్టర్ గ్రేడు అడ్డే కాదు. ఇంకో చిక్కు తన సొంత యూనివర్సిటీలోనే రావచ్చు: ఆర్గానిక్ రెండో సెమిస్టర్‌లో సి లేకపోతే బయోకెమిస్ట్రీలో చేరనివ్వని చోట్లు ఉన్నాయి. అలాగైతే ఆలోచించేదేమీ లేదు, వెంటనే మళ్లీ చదవాల్సిందే. లెక్చర్‌కూ ల్యాబ్‌కూ విడివిడిగా గ్రేడ్లు ఇచ్చి, ల్యాబ్ గ్రేడు బాగుంటే లెక్చర్ ఒక్కటే తీసుకుంటే సరిపోతుందేమో అడ్వైజర్‌ను అడగండి.

ఈ వారంలోనే ఒక పని చేయించండి. తను అనుకుంటున్న ప్రతి కాలేజీకీ కనీస గ్రేడు ఎంత, మళ్లీ చదివితే ఏ గ్రేడు లెక్కిస్తారు, కోర్సులు ఎన్నేళ్లలోపు చదివినవై ఉండాలి, కమ్యూనిటీ కాలేజీ కోర్సూ ఆన్‌లైన్ ల్యాబూ చెల్లుతాయా, ఇవన్నీ ఒక పట్టికలో రాసుకోవాలి. వెబ్‌సైట్‌లో స్పష్టంగా లేకపోతే అడ్మిషన్స్ ఆఫీసుకు ఈమెయిల్ రాసి, వచ్చిన జవాబు దాచుకోవాలి. ఫోన్‌లో చెప్పిన మాటకు తర్వాత ఆధారం ఉండదు.

మళ్లీ చదవాలని తేలితే, ముందు సి మైనస్ ఎందుకొచ్చిందో నిజాయితీగా చూసుకోవాలి. ఆ సెమిస్టర్‌లో 17 క్రెడిట్లు నెత్తిన వేసుకుని పార్ట్‌టైమ్ ఉద్యోగం కూడా చేసి ఉంటే భారం తగ్గిస్తే కుదురుకుంటుంది. పునాదిలోనే లోపముంటే, అంటే పీకేఏ విలువలు, రెజొనెన్స్, స్టీరియోకెమిస్ట్రీ లాంటి మూల పాఠాలు పట్టుబడకుండానే రియాక్షన్లు బట్టీ పట్టి ఉంటే, అదే పద్ధతిలో రెండోసారి చదివినా అదే గ్రేడు దగ్గర ఆగుతుంది. ఫీజు కట్టేముందు పాత ఫైనల్ పేపర్ ఒకటి గడియారం పెట్టుకుని రాయమనండి. మెకానిజం ప్రశ్నల్లో, అంటే రియాక్షన్ అంచెలంచెలుగా ఎలా జరుగుతుందో అడిగేవాటిలో, సగం కూడా రాకపోతే, ఐదు వారాల సమ్మర్ కోర్సులో అస్సలు చేర్చకండి. నాలుగు నెలల సిలబస్‌ను ఐదు వారాల్లో పరుగెత్తిస్తారు, మెకానిజంలు వంటబట్టే వ్యవధి ఉండదు.

సమయం సంగతీ చూడాలి. వీఎంక్యాస్ గడువు సెప్టెంబర్ మధ్యలో ముగుస్తుంది, చేరేది మరుసటి ఏడాది ఆగస్టులో. సమ్మర్‌లో చదివిన గ్రేడు ఈ దరఖాస్తుకు అందుతుంది. ఫాల్‌లో చదివితే గ్రేడు డిసెంబర్‌లో గానీ రాదు, దరఖాస్తులో ఇంకా చదువుతున్న కోర్సుగానే కనిపిస్తుంది. అలాంటివి ఎన్ని ఉండొచ్చో ఒక్కో కాలేజీకి ఒక్కో నియమం. అన్నీ తొందర తొందరగా నింపి బలహీనమైన దరఖాస్తు పంపడం కంటే ఒక ఏడాది ఆగడం మేలని నా అభిప్రాయం. ఆ ఏడాదిలో వెటర్నరీ డాక్టర్ పర్యవేక్షణలో పనిచేసిన గంటలు పెంచుకోవచ్చు, తన పని దగ్గరగా చూసిన డాక్టర్‌తో సిఫార్సు లేఖ రాయించుకోవచ్చు. షెల్టర్‌లో జంతువులకు సేవ చేయడం జంతు అనుభవం కిందికి వస్తుంది. వెటర్నరీ అనుభవం విడిగా ఉండాలి.

ఫెడరల్ ఆర్థిక సాయం మీద చదువుతుంటే, పాసైన కోర్సును మళ్లీ చదవడానికి ఆ సాయం ఒక్కసారే లెక్కలోకి వస్తుంది. సి మైనస్ పాస్ కిందే వస్తుంది గనుక మూడోసారి అవకాశం ఉంటుందనుకోవద్దు. దరఖాస్తు నింపేటప్పుడు పాత ప్రయత్నాన్ని దాచకూడదు. రెండూ ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉన్నట్టే నమోదు చేసి, మళ్లీ చదివినదిగా గుర్తు పెట్టాలి. ట్రాన్స్‌క్రిప్ట్‌తో పోల్చి చూసేటప్పుడు తేడా వస్తే ఫైలు ఆగిపోతుంది.

ఒకవేళ ఈసారి సీటు రాకపోతే, ఇంకో కోర్సులో చేర్పించేముందు తిరస్కరించిన కాలేజీని ఫైల్ రివ్యూ, అంటే దరఖాస్తులో లోపమెక్కడో చెప్పే సమీక్ష, అడగండి. ఇచ్చే కాలేజీలు ఉన్నాయి. గ్రేడ్ల వల్ల పోయిందో, అనుభవపు గంటలు చాలక పోయిందో, ఇంటర్వ్యూలో పోయిందో తెలిశాకే మళ్లీ డబ్బు ఖర్చు పెట్టండి.