టెక్ సందేహాలు: ఎవరూ ముట్టుకోకుండానే క్రీచర్ చచ్చింది, బగ్గా?

ప్రశ్న: ఫోన్‌లో మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట ఆడుతుంటాను. దెబ్బ తిని కూడా బతికిన నా క్రీచర్ (పోరాడే జీవి కార్డు), కాసేపటికి దానంతటదే చచ్చిపోయింది. ఏ ఎఫెక్ట్ ఎప్పటిదాకా ఉంటుందో తెరపైనే చూపించే ఏపీకే (ప్లే స్టోర్ బయట దొరికే యాప్ ఫైల్) ఒకటి దొరికింది. వేసుకోవచ్చా?

జవాబు: బగ్ కాదు. ఈ ఫిర్యాదు పేర్లు మార్చుకుని వస్తూనే ఉంది. గ్లోరియస్ ఆంథమ్ అనే కార్డు బల్ల మీద ఉన్నంతసేపూ మీ క్రీచర్లన్నిటికీ +1/+1, అంటే కొట్టే బలం ఒకటి, దెబ్బ తట్టుకునే శక్తి ఒకటి పెరుగుతాయి. మీ 2/2 కాస్తా 3/3 అవుతుంది, 2 డ్యామేజ్ తగిలినా తట్టుకుంటుంది. కానీ ఆ డ్యామేజ్ టర్న్ అయ్యేదాకా దాని మీదే ఉంటుంది. ఈలోపు అవతలివాళ్లు ఆంథమ్‌ను తీసేస్తే మళ్లీ 2/2, మీద 2 డ్యామేజ్. చావక ఏంచేస్తుంది?

జెయింట్ గ్రోత్ అనే కార్డు అలా కాదు. అది వాడగానే గ్రేవ్‌యార్డ్‌కు (వాడేసిన కార్డుల కుప్పలోకి) పోతుంది, ఇక తీసేయడానికేమీ ఉండదు. +3/+3 మాత్రం టర్న్ చివరిదాకా నిలుస్తుంది. దాంతో 5/5 అయిన మీ 2/2 క్రీచర్ 4 డ్యామేజ్ తిన్నా బతికిపోతుంది. టర్న్ చివర్లో వచ్చే క్లీనప్ స్టెప్‌లో డ్యామేజ్ తుడిచేయడం, +3/+3 ముగియడం ఒకేసారి జరుగుతాయి మరి. ఇంకోటి: ‘మీ క్రీచర్లన్నిటికీ టర్న్ చివరిదాకా +1/+1’ అనే స్పెల్, రిజాల్వ్ అయినప్పుడు (అమలైనప్పుడు) బల్ల మీదున్నవాటికే. తర్వాత దించినవాటికి రాదు. ఆంథమ్ అయితే వాటికీ వస్తుంది.

డిజిటల్ కార్డ్ గేమ్‌లు చాలావాటిలో మెరుపులకూ పేలుళ్లకూ కొదవుండదు. 3/3లో ఆ ఒకటి ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పే చిన్న గీతకే చోటుండదు. ఆ ఖాళీలోకే ఇలాంటి ఏపీకేలు దూరుతున్నాయి.

దాన్ని వేసుకోవద్దు. తెరను చదవాలంటూ అది యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతుంది. ఇచ్చారంటే ఆటనే కాదు, ఓటీపీ మెసేజ్‌నూ చదవగలదు, మీ బదులు బటన్లూ నొక్కగలదు. ఆండ్రాయిడ్ 13 నుంచీ బయటి ఏపీకేలకు ఈ అనుమతిని ఫోనే ఆపుతుంది. యాప్ ఇన్ఫోలో మూడు చుక్కలు నొక్కి ‘అలౌ రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్’ ఎంచుకోమని ఆ యాప్ మీకు దారి చూపిస్తోందంటే, తాళం మీ చేతే తీయిస్తోందన్నమాట.

ఇప్పటికే వేసేసి ఉంటే ముందు నెట్ ఆపండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి దాని అనుమతి తీసేయండి. అన్‌ఇన్‌స్టాల్ కాకపోతే డివైస్ అడ్మిన్ యాప్స్ జాబితాలోనూ దాన్ని ఆపి, అప్పుడు తొలగించండి. పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే వెంటనే బ్యాంకుకూ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చేయండి.