కొత్త సాక్షి దొరికితే ఫెడరల్ కోర్టు హత్య కేసును మళ్లీ విచారిస్తుందా?

అమెరికాలో ఒక రాష్ట్ర కోర్టు మీ బంధువుకు హత్య కేసులో యావజ్జీవ శిక్ష వేసిందని, ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా అప్పీలును స్వీకరించలేదని, విచారణలో ఎవరూ పిలవని సాక్షి ఇప్పుడు దొరికాడు కాబట్టి ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) కోర్టులో ఆ శిక్షను సవాలు చేస్తూ హెబియస్ పిటిషన్ వేస్తే కేసును మొదటి నుంచి వింటారా అని అడిగారు. వినరు. కాలిఫోర్నియాలో ఇటువంటి పిటిషన్లు చూసే ఒక న్యాయవాది దగ్గర నేను ప్యారాలీగల్‌గా పనిచేస్తున్నాను. ఖైదీల కుటుంబాలు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇదే.

మన దేశంలో హెబియస్ కార్పస్ అనగానే పోలీసులు తీసుకెళ్లిన మనిషిని హైకోర్టు ముందు హాజరుపరచడమే గుర్తుకొస్తుంది. అధికారం గల కోర్టు శిక్ష వేశాక ఆ దారి సాధారణంగా పనికిరాదు. అమెరికాలో శిక్ష పడిన ఖైదీలు కూడా దానిని విస్తృతంగా వాడుకుంటారు. అయితే ఓక్లహోమా సిటీ బాంబు పేలుడు జరిగిన మరుసటి ఏడాది, 1996లో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ తెచ్చిన చట్టం దానిని బాగా బిగించింది. రాష్ట్ర కోర్టు తీర్పు తప్పని ఫెడరల్ న్యాయమూర్తికి అనిపించినంత మాత్రాన చాలదు. అమెరికా సుప్రీంకోర్టు అప్పటికే స్పష్టంగా చెప్పిన సూత్రానికి అది విరుద్ధంగానో, ఆ సూత్రాన్ని అసమంజసంగా వర్తింపజేసినట్టుగానో, ఉన్న సాక్ష్యాన్ని బట్టి వాస్తవాలను అసమంజసంగా నిర్ధారించినట్టుగానో ఉండాలి. నిష్పాక్షికులైన న్యాయమూర్తుల మధ్య భిన్నాభిప్రాయానికి తావుంటే ఖైదీ ఓడిపోతాడని 2011లో హారింగ్టన్ వర్సెస్ రిక్టర్ తీర్పు చెప్పింది.

మీ సాక్షి విషయానికి అడ్డొచ్చేది అదే ఏడాది వచ్చిన కల్లెన్ వర్సెస్ పిన్‌హోల్‌స్టర్ తీర్పు. రాష్ట్ర కోర్టు తోసిపుచ్చిన వాదనను పరిశీలించేటప్పుడు, ఆ కోర్టు ముందున్న రికార్డును మాత్రమే చూడాలని అది నిర్దేశించింది. కాబట్టి సాక్షి ముందుగా వెళ్లవలసింది రాష్ట్ర కోర్టుకే. అతన్ని వెతకకపోవడం, పిలవకపోవడం విచారణ నాటి న్యాయవాది వైఫల్యమని, అతను వచ్చి ఉంటే ఫలితం మారడానికి సహేతుకమైన అవకాశం ఉండేదని, 1984 నాటి స్ట్రిక్‌లండ్ తీర్పు ఆధారంగా అక్కడ వాదించాలి. ఖైదీ మంచివాడని బంధువులు రాసే ఉత్తరాలు కట్టలకొద్దీ వస్తాయి గానీ, ఈ వాదనకు అవి దాదాపుగా ఉపయోగపడవు. సాక్షి తాను ఏం చూశాడో, ఆనాడు న్యాయవాది తరఫున ఎవరైనా తనను కలిశారో లేదో ప్రమాణపూర్వకంగా చెప్పే వాంగ్మూలం కావాలి. రాష్ట్ర స్థాయిలో ఆ పని సరిగా చేయనిది ఖైదీ తరఫు న్యాయవాదే అయినా, ఫెడరల్ కోర్టు సాధారణంగా కొత్త సాక్ష్యం తీసుకోకూడదని 2022లో షిన్ వర్సెస్ రామిరెజ్ తీర్పు తేల్చింది. నా దృష్టిలో అది కఠినమైన తీర్పు, కానీ ప్రస్తుతం అమలులో ఉన్నది అదే.

గడువు అంతకంటే ప్రమాదకరం. రాష్ట్ర సుప్రీంకోర్టు తిరస్కరించాక అమెరికా సుప్రీంకోర్టును ఆశ్రయించడానికి ఉండే 90 రోజులు ముగిసిన నాటి నుంచి, సాధారణంగా, ఏడాదిలోగా ఫెడరల్ పిటిషన్ వేయాలి. రాష్ట్ర కోర్టులో పద్ధతి ప్రకారం వేసిన పిటిషన్ నడుస్తున్నంత కాలం ఆ లెక్క ఆగుతుంది, కానీ మళ్లీ మొదటి నుంచి మొదలవదు. అంటే పదకొండు నెలలు గడిచాక రాష్ట్ర కోర్టుకు వెళితే, అక్కడ ఓడిన తరువాత మిగిలేది ఒక్క నెలే. రాష్ట్ర కోర్టు తిరస్కరించాకే ఏడాది మొదలవుతుందనుకుని కూర్చునే కుటుంబాలు ఎన్నో. నిర్దోషిత్వాన్ని బలంగా చూపే కొత్త సాక్ష్యం ఉంటే గడువు దాటినా వినవచ్చని 2013లో మెక్‌క్విగ్గిన్ వర్సెస్ పెర్కిన్స్ తీర్పు చెప్పింది గానీ, ఆ సాక్ష్యం చూశాక సహేతుకమైన జ్యూరర్ ఎవరూ దోషిగా తేల్చి ఉండేవారు కాదన్నంత బలం దానికి ఉండాలి.

పిటిషన్ రుసుము ఐదు డాలర్లే. మరణశిక్ష కేసు కాకపోతే ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని పొందే హక్కు మాత్రం లేదు. గెలిస్తే కోర్టు నిర్దోషి అని ప్రకటించదు. ఫలానా గడువులోగా మళ్లీ విచారించండి, లేదా విడుదల చేయండి అని రాష్ట్రాన్ని ఆదేశించడమే పరిపాటి.

రాష్ట్ర సుప్రీంకోర్టు ఉత్తర్వు తేదీ పట్టుకుని ఈ వారమే ఆ రాష్ట్రంలో హెబియస్ కేసులు చేసే న్యాయవాదిని కలవండి. సాక్షి పేరు ఇక్కడ రాయకండి, జైలు ఫోన్‌లో కూడా ఎత్తకండి; ఆ సంభాషణలు సాధారణంగా రికార్డవుతాయి, ప్రాసిక్యూటర్లు వాటిని తెప్పించుకుని వింటారు.